కెప్టెన్ భుజం వెనక గోపురం

క్రైన్ మావయ్య కుంచెకి రంగు ఉండదు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు.

సోమవారం పొద్దున్న కెప్టెన్ యోస్ట్ ఫెర్‌మాస్ మేడమీది గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇలాగేనా మాస్టారూ, ఇంకాస్త తిరగాలా?" అని అడిగాడు. మావయ్య కాన్వాసు వెనక నుంచి తల బయటపెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"గడ్డం కొంచెం ఎత్తండి. ఆఁ, చాలు. ఇక కదలొద్దు. చూపు నా మీదే ఉండాలి."

అని, పొడి కుంచెతో కాన్వాసు మీద గరగర గీకడం మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో కుంచెని రంగుల పలకకి ఆనించి, తలాడించి, మళ్ళీ గీకుతున్నాడు. కుడిచెయ్యి వణక్కుండా మోచేతిని పొట్టకి అదుముకుని, ఎడంచేత్తో మణికట్టు పట్టుకున్నాడు. కుర్చీలో ఉన్నవాళ్ళకి కనబడేది కాన్వాసు వీపు, మావయ్య విగ్గు, అంతే. బొమ్మ పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించనన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఊళ్ళో వాళ్ళు అదొక గొప్పగా చెప్పుకుంటారు.

లెవీనా ఉత్తరపు కిటికీ కింద రాతిపలక ముందు నిలబడి సీసపు తెల్లరంగు నూరుతోంది. అవిసె నూనె చుక్క వేసి, గుండు తిప్పి, అంచులకి పోయిన రంగుని కత్తితో మధ్యకి లాగి, మళ్ళీ తిప్పుతోంది. మావయ్యకి మేనకోడలు, పదిహేడేళ్ళ పిల్ల. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్ళు కెప్టెన్ ముఖం మీద ఉన్నాయి. కనుబొమ కింద నీడ ఎక్కడిదాకా వచ్చింది, మశూచి మచ్చలు చెంప మీద ఎక్కడ గుంపుగా ఉన్నాయి, ఎక్కడ పలచబడ్డాయి, అన్నీ ఒక్కొక్కటే లోపల దాచుకుంటోంది. చూస్తున్నట్టు కనబడకూడదు. గుండు రెండు చుట్లు తిరిగాక ఒక్కసారి తలెత్తాలి. మూడేళ్ళుగా అదే అలవాటు.

"గాలివాటం చెప్పే ఆ గోపురం మీది కోడి ఇవాళ ఎటు చూస్తోంది?" పెదవులు సరిగ్గా కదపకుండా అడిగాడు కెప్టెన్.

"పడమటికే అండీ. పది రోజులుగా మెడ తిప్పలేదు," అన్నాడు మావయ్య.

"దాని మెడ విరగ. నూట ఎనభై మందిని రేవు బయట లంగరేసి నిలబెట్టాను. గట్టు కనబడుతుంది, దిగడానికి లేదు. సముద్రం కనబడుతుంది, పోవడానికి లేదు. తూర్పుగాలి ఒక్క పూట చాలు మాకు."

"బొమ్మ అయ్యేదాకా అలాగే ఉండమని ఆ కోడికి నేనే చెప్పి ఉంచాను."

కెప్టెన్ పకపకా నవ్వాడు.

"నవ్వకండి, చెంప మారిపోతుంది," అని మావయ్య కసిరాడు. లెవీనా గుండు ఆపి ఆ నవ్వు చివర చూసింది. నవ్వు ఆగిపోయాక కూడా కళ్ళ కింద కాస్త మిగిలింది. అది కావాలి.

"వెనక ఏం వెయ్యమంటారు?" మావయ్య అడిగాడు. "మామూలే కదా? సముద్రం, మీ ఓడ, ఫిరంగి పొగ, దింపేసిన శత్రువు జెండా?"

"వద్దు వద్దు. సముద్రాన్ని నేను ఎలాగూ చూస్తూనే ఉంటాను. ఈ బొమ్మ మిడల్‌బర్గ్‌లో మా అమ్మకి. కొడుకు ఇంట్లో, కుర్చీలో, కిటికీ ముందు కూర్చుని ఉంటే చూడాలని ఆవిడ కోరిక. ఇరవై రెండేళ్ళలో నేనలా కూర్చున్నది రెండు చలికాలాలు." భుజం మీదుగా వెనక్కి వేలు చూపించాడు. "ఈ కిటికీలో ఏం కనబడితే అది వెయ్యండి. ఉన్నదున్నట్టు."

వెనక కిటికీలో ఎదురింటి పొగగొట్టం, దాని అవతల పెద్ద చర్చి గోపురం ఉన్నాయి.

"దానికేం, ఉన్నదున్నట్టే," అన్నాడు మావయ్య. ఇన్నేళ్ళలో ఆయన బొమ్మల్లో సముద్రాలే తప్ప కిటికీలు ఎప్పుడూ లేవు.

మధ్యాహ్నం కెప్టెన్ తన నీలం కోటు విప్పి మూల నిలబెట్టిన కొయ్యమనిషికి తొడిగించి, పాత కోటు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వీధి తలుపు గడియ పడ్డ చప్పుడు వినగానే లెవీనా చేతులు తుడుచుకుని కాన్వాసు ముందుకి వచ్చింది. మావయ్య కుర్చీ ఖాళీ చేసి, కుంపటి పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. చూసింది చల్లారిపోకముందే దింపాలి. కనురెప్ప, ముక్కు పక్క నీడ, మచ్చలు. సన్నకుంచె, వెడల్పు కుంచె, ఒకటి పంటికింద, ఒకటి వేళ్ళ మధ్య. మావయ్య మాట్లాడడు. మాట్లాడితే మాత్రం తప్పకుండా ఏదో ఒకటి పట్టుకుంటాడు.

"చెవి కింద పచ్చదనం ఎక్కువైంది. చచ్చినవాడి చెవిలా ఉంది."

నిజమే. ఆమె వేలితో కాస్త తుడిచింది.

వెలుగు తగ్గేవేళకి కుంచెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే, "మావయ్యా, మిడల్‌బర్గ్ సంగతి..." అంది.

పీటర్‌నెల్ల అనే ఆవిడ మిడల్‌బర్గ్‌లో ఆరుగురు ఆడపిల్లల్ని పెట్టుకుని టీ పెట్టెలకీ, గడియారాల ముఖాలకీ బొమ్మలు వేయిస్తుంది. ఏడో పిల్ల కావాలి. బండి గిల్లిస్‌తో కబురు పంపింది: కాగితం మీద గీతలు నాకొద్దు. రంగుతో నీ చేత్తో వేసింది, నీ పేరు రాసి ఉన్నది, ఒక్కటి పట్టుకురా. మార్టిన్ పండగ దాటితే వేరే పిల్లని చూసుకుంటాను. మార్టిన్ పండగ ఈ ఆదివారమే. మిడల్‌బర్గ్ గంటన్నర నడక.

"ముందు కెప్టెన్ గారి పని కానీ," అన్నాడు మావయ్య.

"మేయరు గారి భార్య బొమ్మప్పుడూ ఇదే అన్నారు. ఆ పాదిరిగారి బొమ్మప్పుడూ..."

"చిన్న చెక్కముక్క మీద ఓ పువ్వు వేసుకుంటాను, నా పేరు రాసుకుంటాను, అంతేగా అంటావు. ఊళ్ళోవాళ్ళకి కళ్ళు లేవనుకున్నావా?" ఆయన గొంతు పెంచలేదు. "ఒక్కసారి నీ పేరుతో ఒక్క ఆకు బయటికొస్తే చాలు. మూడేళ్ళుగా ఈ ఊరి గోడల మీదున్న చెంపలన్నీ నీవేనని తేలిపోతుంది. ఆ తరవాత నేనూ మీ అత్తయ్యా ఏం తినాలి? నా విగ్గా?"

కింద నుంచి తన్నెకె అత్తయ్య, "జావ చల్లారిపోతోంది, దిగండి!" అని కేకేసింది.

లెవీనా పుల్లమజ్జిగ జావలో చెంచా తిప్పుతూ కూర్చుంది. అత్తయ్య ఆమె గిన్నెలో ఇంకాస్త బెల్లప్పాకం పోసింది. అడగలేదు, పోసింది. అత్తయ్యకి ఎప్పుడు జాలేసినా తీపి ఎక్కువవుతుంది.

బుధవారం కెప్టెన్ రెండోసారి వచ్చినప్పుడు కూడా కోడి పడమటికే చూస్తోంది. ఆ రోజు ఆయనకి విసుగ్గా ఉంది. కుర్చీలో కదిలాడు. మావయ్య రెండుసార్లు చెప్పి, మూడోసారి "కాసేపు ఆగుదాం" అన్నాడు. అత్తయ్య కాఫీ తెచ్చింది. కెప్టెన్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకుని పెన్సిలుతో గీయసాగాడు.

"మీరూ బొమ్మలేస్తారా అండీ?" అత్తయ్య వంగి చూసింది. "ఇదేమిటి, రంపప్పళ్ళలా ఉన్నాయి?"

"ఇది తీరం అమ్మా. సముద్రం మీంచి చూస్తే ఇలా కనబడుతుంది. ఇదిగో ఇసకదిబ్బ, ఇది గాలిమర, ఇది చర్చి. ఈ గాలిమర సరిగ్గా చర్చి మీదికి వచ్చినప్పుడు ఓడ తిప్పితే లోతు నీళ్ళు. రెండూ విడిపోయి కనబడ్డాయో, కింద ఇసక మేట."

"అంటే ఈ గీతలు చూసి ఓడ నడుపుతారా?"

"గీతలు చూసి కాదు. గీతల కింద రాసింది చూసి." పుస్తకం ఆమె వైపు తిప్పాడు. "ఫలానా చోట నిలబడి, ఫలానా వాడు చూశాడు, అని రాసి ఉండాలి. అది లేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా మా పాలిట యముడే. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు మా ముందు వెళ్ళే ఓడలో అలాంటి బొమ్మ ఒకటి ఉండేది. చాలా చక్కటి బొమ్మ. ఎక్కణ్ణుంచి చూసి వేశాడో వేసినవాడు రాయలేదు. పట్టపగలు, గాలి కూడా లేదు, నేరుగా వెళ్ళి మేట ఎక్కారు. పంతొమ్మిది మందిని మేం పైకి తీశాం. మిగతావాళ్ళని తియ్యలేకపోయాం."

అత్తయ్య, "ఇంకాస్త కాఫీ పోస్తాను," అంది.

లెవీనా గుండు ఆపలేదు. కానీ ఆ రోజంతా ఆ మాట ఆమెని వదల్లేదు. ఎక్కడ నిలబడి, ఎవరు చూశారు.

సాయంత్రం కోటు వేసింది. కొయ్యమనిషి మీద జరీ అంచు ఎక్కడ మడత పడిందో అక్కడ బంగారం గోధుమరంగులోకి దిగుతుంది, మడత దాటాక మళ్ళీ వెలుగుతుంది. పద్దెనిమిది గుండీలు. ఒక్కో గుండీలో ఉత్తరపు కిటికీ చిన్న తెల్లచుక్కలా ఉంది. కోటు అయ్యాక వెనక కిటికీ మొదలుపెట్టింది. కాన్వాసు దగ్గర నిలబడి దేన్నీ చూసే అలవాటు లేదు ఆమెకి. రాతిపలక దగ్గరికి వెళ్ళి, చూసి, నాలుగడుగులు వచ్చి, దించి, మళ్ళీ వెళ్ళేది. ఎదురింటి పొగగొట్టం, దాని ఇటుకలు, దాని నెత్తిమీంచి మొలిచినట్టు గోపురం పైభాగం, చిట్టచివర కోడి.

మావయ్య లేచి వచ్చి ముఖం మాత్రం చూశాడు. ఆయన ఎప్పుడూ ముఖమే చూస్తాడు.

"ఈయన కూడా పక్కకే చూస్తున్నాడు," అన్నాడు.

"ఊఁ."

"పోనీలే. క్రైన్ బొమ్మలు మనల్ని చూడవు, మన పక్కనున్నవాళ్ళని చూస్తాయని ఊళ్ళో పేరు పడిపోయింది. అదే నా పద్ధతి అనుకుంటున్నారు." నవ్వబోయి, వణికే చేతిని రెండో చంకలో దాచుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న లెవీనా లేచేసరికి కిటికీ రెక్క ఎప్పుడూ కొట్టుకునే వైపు కాకుండా రెండో వైపు కొట్టుకుంటోంది. పైకి చూసింది. కోడి మెడ తిప్పింది.

కెప్టెన్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. "కూర్చోడానికి లేదు మాస్టారూ. సముద్రం ఆటు తిరిగేలోపు ఓడలో ఉండాలి. కోటు తీసుకుంటాను, బొమ్మ చూస్తాను, పోతాను." కొయ్యమనిషికి ఉన్న కోటు విప్పి తొడుక్కున్నాడు. మావయ్య కాన్వాసుని మెల్లగా అటు తిప్పాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడింది. లెవీనా తన చోట తనుంది, ఊరికే గుండు పట్టుకుని. రాయి మీద రంగు లేదు.

కెప్టెన్ చాలాసేపు చూశాడు. మొదట ముఖం చూసి, తన చెంప మీద మచ్చల్ని వేలితో తడుముకున్నాడు. "మా అమ్మ ఏడుస్తుంది," అన్నాడు మెల్లగా. తరవాత ఆయన చూపు భుజం వెనక కిటికీ దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిరిగి నిజం కిటికీలోకి చూశాడు. మళ్ళీ బొమ్మకేసి.

"మాస్టారూ, మీరు కూర్చునే కుర్చీ ఇదేనా?"

"అదేనండీ."

కెప్టెన్ అందులో కూర్చున్నాడు. కిటికీ వైపు చూశాడు. అక్కణ్ణుంచి గోపురం పొగగొట్టానికి ఎడంగా, దానికి తాకకుండా, మొదటి నుంచి చివరిదాకా విడిగా నిలబడి ఉంది. ఆయన లేచాడు. ఒక అడుగు పక్కకి వేసి చూశాడు. ఇంకో అడుగు వేశాడు. కిటికీ మీంచి కన్ను తీయకుండా అలాగే పక్కకి జరుగుతూ వచ్చాడు. లెవీనా గుండు వదిలేసి గోడకి ఆనుకుంది. ఆయన రాతిపలక దగ్గర ఆగాడు. అప్పటికీ సరిపోలేదు. మోకాళ్ళు కొంచెం వంచాడు, ఇంకొంచెం వంచాడు. ఆయన కళ్ళు లెవీనా కళ్ళంత ఎత్తుకి వచ్చాయి. అక్కడ ఆగాడు. పొగగొట్టం నెత్తిమీంచి గోపురం మొలిచింది.

వంగినవాడు వంగినట్టే ఉండి ఆమె వైపు తల తిప్పాడు.

"వెలుగు తేడా అండీ," అన్నాడు మావయ్య. "వెలుగు వల్ల ఒక్కోసారి... నేను సరిచేస్తాను. ఒక్క నిమిషం పని." ఒక కుంచె తీసి రంగులో ముంచి కాన్వాసు ముందుకి వచ్చాడు. తొందరలో మోచెయ్యి పొట్టకి అదుముకోవడం మరిచిపోయాడు. కుంచె కొన గాల్లో గిలగిల్లాడుతూ కిటికీ దాటి, గోపురం దాటి, కెప్టెన్ చెంప మీదికి వస్తోంది. లెవీనాకి తను కదిలిన సంగతి కూడా తెలియలేదు. మావయ్య మణికట్టు పట్టుకుని ఆపేసింది. కుంచెకీ చెంపకీ మధ్య వెంట్రుకవాసి ఉంది.

ఆ చెయ్యి పట్టుకున్న తీరు ఒక్కరోజులో వచ్చింది కాదని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

"ఏమీ సరిచెయ్యొద్దు," అన్నాడు కెప్టెన్. నడుం నిమురుకుంటూ నిలబడ్డాడు. "రెండు రోజులు ఈ గదిలో కూర్చున్నాను. నన్ను చూస్తున్నవాళ్ళు ఎక్కడున్నారో పోల్చుకోలేకపోయాను. నా కింద పనిచేసే కుర్రాడైతే చెవి మెలిపెట్టేవాణ్ణి." లెవీనా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నీ పేరేమిటి?"

మూడు పూటల్లో ఎవరూ ఆయనకి ఆమె పేరు చెప్పలేదు. ఆమె అత్తయ్యకేసి చూసింది. గుమ్మంలోంచి అత్తయ్య అంది: "లెవీనా."

"ఆమెని అడిగాను."

"లెవీనా. లెవీనా క్లాస్," అంది.

"మాస్టారూ, నేను ఎవరితోనూ చెప్పను. చెప్పడానికి ఎవరున్నారు, చేపలు తప్ప? కానీ ఎక్కణ్ణుంచి చూశారో, ఎవరు చూశారో రాయని బొమ్మని నేను ఎక్కడా ఒప్పుకోను. మా అమ్మ గోడ మీద అసలు ఒప్పుకోను." టోపీ తీసుకున్నాడు. "ఆదివారం మార్టిన్ పండగ. ఆ లోపల ఆవిడకి చేరాలి. రంగు ఆరకపోయినా ఫరవాలేదు. తడిబొమ్మని ఎలా మొయ్యాలో తెలిసినవాళ్ళు చేత్తో పట్టుకెళ్ళాలి."

మెట్లు దిగిపోయాడు. వీధి తలుపు గడియ పడింది. అంతే. ఆయన మళ్ళీ రావడానికి రెండేళ్ళు పట్టొచ్చు, రాకపోవచ్చు. కింద ఏ పేరు రాసినా అడిగేవాళ్ళు లేరు. ఆ సంగతి గదిలో ముగ్గురికీ ఒకేసారి తట్టింది.

మావయ్య సన్నకుంచె తీశాడు. పేరు మాత్రం ఎప్పుడూ ఆయనే రాస్తాడు. గోధుమరంగు ముంచి, చెయ్యి ఆనించుకునే కర్ర అడ్డం పెట్టి, కుడివైపు కింది మూలకి వంగాడు. ఇలా వంగినప్పుడల్లా లెవీనా వచ్చి ఆయన మణికట్టు కింద అరచెయ్యి పెడుతుంది.

"రా," అన్నాడు.

ఆమె రెండు చేతులూ ఏప్రన్ కింద ఉన్నాయి.

"రావే. ఆరిపోతోంది."

ఆమె రాలేదు. రానని అనలేదు కూడా. నేలకేసి చూస్తూ నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి. మావయ్య అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య కాఫీ గిన్నెల్ని పళ్ళెంలో ఇటునుంచి అటు సర్దుతోంది.

ఆయన ఒక్కడే మొదలుపెట్టాడు. మొదటి అక్షరం నిలువుగీత పాములా మెలికలు తిరిగి జరీ అంచు మీదికి పాకింది. చెయ్యి తీసి చూసుకున్నాడు. అంత స్థిరమైన ముఖం కింద ఆ గీత. చాలాసేపు చూశాడు. తరవాత గుడ్డకి కర్పూరతైలం అద్దుకుని ఆ మూల మెల్లగా తుడిచాడు. అక్షరం పోయింది. జరీ మిగిలింది.

కుంచెని ఆమె వైపు కుర్చీ చేతి మీద పెట్టాడు. గది దాటి ఉత్తరపు కిటికీ కిందికి వెళ్ళి రాతిపలక ముందు నిలబడ్డాడు. గుండు చేతిలోకి తీసుకున్నాడు. ఎంత వణికినా గుండుకి పట్టింపు లేదు. అలవాటు లేని చోటు కావడంతో ఎటు చూడాలో తెలియక తలెత్తి వెనక కిటికీలోకి చూశాడు.

"ఇక్కణ్ణుంచి నిజంగానే పొగగొట్టంలోంచి మొలిచినట్టుందే," అన్నాడు. కాసేపటి దాకా తల దించలేదు.

అత్తయ్య పళ్ళెం ఎత్తుకుంది. "గిల్లిస్ బండి రెండింటికి. దార్లో పీటర్‌నెల్లకి చూపించు. బొమ్మకి చెక్కపెట్టె నేను చూస్తాను. నీ ఊలు శాలువా ఎక్కడ పెట్టావే?" అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగింది.

లెవీనా కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలోంచి మొదటిసారి కిటికీకేసి చూసింది. గోపురం విడిగా, నిటారుగా, ఏదీ తాకకుండా నిలబడి ఉంది.

"పేరుకి ఏ రంగు నూరమంటావు?" పక్కనుంచి మావయ్య అడిగాడు.

"గోధుమరంగే, మావయ్యా. కొంచెం పలచగా."

రేవు బయటినుంచి ఫిరంగి ఒకసారి మోగింది. కిటికీ అద్దాలు అదిరాయి. అది సద్దుమణిగాక రాతి మీద గుండు తిరిగే చప్పుడు, తడబడుతూ, మొదలైంది.